అరవై ఒకటి – ఆ

మా వంటింటి బల్ల మీద యుద్ధం మొదలై
ఇది పదకొండో వారం.
పళ్ళేలు కిటికీ గట్టు మీదికి వలసపోయాయి.
సూప్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని
గడ్డకట్టిన విస్తులాను చూస్తూ తాగుతున్నాను.

తోరూన్‌లో ట్రాము నడిపినన్నాళ్ళూ
లూదొమిర్‌కి ఇంత నిదానం లేదు.
ఇప్పుడు రెక్క అంచు ఒక్కటి కోయడానికి
ఒక సాయంత్రం.
అసలులో ముప్పై మూడో వంతు విమానం,
రెక్కలు చాపితే జానెడున్నర,
భుజాల దగ్గర విరిచి కట్టినట్టుంటాయి.
నా అల్లిక సూది మీద చుట్టి చుట్టి
కాగితానికి పొట్ట తెప్పిస్తాడు.
ఇంజనుకు తొమ్మిది సిలిండర్లు,
ఒక్కోదానికీ నా నల్లదారం పద్దెనిమిది చుట్లు,
లెక్క తప్పితే విప్పి మళ్ళీ.
జలుబు చేసిన నన్ను గుమ్మంలోనే ఆపేశాడు.
తుమ్మితే ఊడే ముక్కంటే ఏమిటో
ఆ వారం కళ్ళారా చూశాను.

కత్తి తగిలిన చోటల్లా కాగితం తెల్లబోతుంది.
పైన ఎంత ఆకుపచ్చ అచ్చేసినా
నేను కాగితాన్నేనని అంచు చెప్పేస్తుంది.
అందుకే సన్న కుంచెతో ప్రతి అంచుకీ రంగు,
పొడుగునా, ఊపిరి బిగబట్టి.
ఆ పని నాది.
చేయి వణుకుతోందని తను చెప్పడు, నేను అడగను,
కుంచె మాత్రం ఎప్పుడూ నా వైపే ఉంటుంది.

పై అంతస్తు గెర్త్రూదా గారు
ఉప్పు అడగడానికొచ్చి నిలబడిపోయింది.
తొంభై దాటిన మనిషి, కర్ర గోడకి వదిలేసి
బల్ల మీదికి వంగింది.
"రంగు ఇది కాదు."
లూదొమిర్ పుస్తకాలు తెచ్చాడు, ఫోటోలు చూపించాడు.
ఆవిడ చూడలేదు.
"బీట్‌రూట్ ఆకు తిరగేస్తే ఉంటుందే, అదీ రంగు.
మా బంగాళాదుంప చేలో పడిందిగా,
ఆ సెప్టెంబరులో.
రెక్క మీద చేయి పెట్టాను. వెచ్చగా ఉంది,
అప్పుడే పాలు పితికిన ఆవు పొట్టలా."

ఉప్పు సంగతి అందరం మర్చిపోయాం.

"కుర్రాడు దిగాడు. మా అన్న కంటే పెద్దవాడేం కాదు.
కాలవ దాటబోతే బురదలో ఒక బూటు దిగబడింది.
లాగాడు, రాలేదు, పైకి చూశాడు,
వదిలేసి అడవివైపు పరుగెత్తాడు.
చీకటి పడ్డాక మా నాన్న పార పట్టుకెళ్ళి
దాన్ని తవ్వి తెచ్చాడు.
మంచి తోలు. కానీ ఒక్కటే కదా.
యుద్ధం అయిపోయేదాకా
అందులో మేకులు పోసుకున్నాడు."
కాసేపాగి,
"మంచు పడ్డప్పుడల్లా ఆ కాలే గుర్తొచ్చేది.
ఎడమదో, కుడిదో."

అచ్చు కాగితాల్లో చివరిదాంట్లో పైలట్ ఉంటాడు,
వేలెడంత, విమానం పక్కన నిలబెట్టడానికి.
అరవై ఒకటి, అ, ఆ: బూట్లు.
శనగ గింజంత.
లూదొమిర్ ఎప్పుడూ మనుషుల్ని చేయడు,
మనిషి పక్కనుంటే విమానం బొమ్మైపోతుందంటాడు.
ఆ రాత్రి ఆ కాగితం తీశాడు,
కత్తి నా చేతికిచ్చాడు.
నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి.

ఒక బూటు అతికించాం.
రెండో పాదం అంచుకి రంగు వేయలేదు.
తెల్లగానే వదిలేశాను.

ఆదివారం ఆవిడ మెట్లు దిగి వచ్చింది,
ఉప్పు తిరిగివ్వడానికి.
కుర్రాణ్ణి చాలాసేపు చూసింది.
మిగిలిపోయిన బూటును గోటితో పైకెత్తి
చిల్లర సంచిలో వేసుకుంది.
"బాకీ మాదేగా," అంది.

లూదొమిర్ ముక్క మిగిల్చే రకం కాదు.
పడుకునే ముందు పట్టిక తీసి
అంకె అంకెకీ టిక్కు పెట్టుకుంటూ వచ్చి
అక్కడ ఆగాడు.
పెన్సిల్ చెక్కాడు. రాశాడు:
అరవై ఒకటి – ఆ. అతికించలేదు.
పై అంతస్తులో ఉంది.