జిగురు

మా జ్ఞానాపురంలో తెల్లచొక్కా ఆరేయడం
ఒక పందెం.
ఏడింటికి తీగ మీద వేసి
పదకొండుకి తీసేస్తే గెలిచినట్టు.
పన్నెండు దాటిందా,
రేవు వైపు నుంచి గాలి మళ్ళుతుంది.
ఇస్త్రీపెట్టెలో ఉండాల్సిన బొగ్గు
చొక్కా కాలరులో ఎందుకుందని
ముప్ఫై ఏళ్ళుగా ఈ బండి దగ్గర
గొణుక్కుంటూనే ఉన్నాను.

బొమ్మల చదువు చదివే పిల్ల ఒకతి వచ్చింది,
హైమవతి అట పేరు.
ఇంటింటికీ ఖాళీ మందుసీసా ఒకటి చేతిలో పెట్టి
"మీ కిటికీ మీద దుమ్ము ఇందులో దాచండి" అంది.
నవ్వాం.
మా దగ్గర దండిగా ఉన్నది అదొక్కటే.
ఎలీషమ్మ వారంలో రెండు సీసాలు నింపి
"ఇంకా కావాలేటి తల్లీ,
మా ఆయన రొమ్ములోంచి తీసిమ్మన్నావేటి" అంది.
ఈసారి ఎవరం నవ్వలేదు.

ఆ దుమ్మే తుమ్మజిగురులో కలిపితే రంగు.
రైలుకట్ట పక్క పొడుగాటి గోడ.
"ఏం గియ్యాలమ్మా?"
"మీ కిటికీ మీరే గియ్యండి."
పలక పట్టని దాలినాయుడు కిటికీతో పాటు
మేకనీ గీశాడు, అది పక్కవాళ్ళ కిటికీలోకి తల పెట్టింది.
గోడ మీద కూడా హద్దు తగాదా!
సాయంత్రానికి నలభై రెండు కిటికీలు,
అన్నీ మూసినవే. ఎవరూ చెప్పుకుని గీయలేదు.
బండికి కిటికీ ఏది?
నేనో చొక్కా గీశాను,
ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి.

ఊరికి పెద్ద అతిథులొస్తున్నారని
ఒక్క రాత్రిలో సున్నం కొట్టేశారు.
నిజం చెప్పొద్దూ,
అంత తెల్లటి గోడ మా పేటలో నేనెప్పుడూ చూళ్ళేదు.
అందంగానే ఉంది.
కాపలాకి సన్యాసయ్యని కూచోబెట్టారు.

ఆ రాత్రి బకెట్లు పట్టుకుని వెళ్ళాం.
రంగు లేదు.
పూర్ణా మార్కెట్లో దొరుకుతుంది చూశారూ,
ఎలకల అట్టలకి పూసే జిగురు,
ఎన్నాళ్ళకీ ఆరదు.
"ఏటది?" అన్నాడు సన్యాసయ్య.
"జిగురు."
"బొమ్మేదీ?"
"ఎక్కడుంది? కనిపిస్తోందా?"
బకెట్ వాసన చూశాడు. మా టీ తాగాడు.
చివర్లో, ఎటో చూస్తూ,
"మా ఇల్లూ సాలిపేటే" అని
అరచెయ్యి ముంచి గోడకి ఆనించాడు.

మర్నాడు ఏమీ లేదు.
మూడో నాడూ లేదు.
నాలుగో నాడు మధ్యాహ్నం గాలి మళ్ళాక
బూడిదరంగులో అయిదు వేళ్ళు.
తర్వాత ఒక చువ్వ, ఒక గొళ్ళెం, మేక చెవి.
చీకట్లో పూశాం కదా,
కిటికీలు ఒకదానిలో ఒకటి దూరిపోయాయి,
ఎవరిది ఏదో ఇప్పుడు తేలదు.

జీపు దిగి అడిగారు, ఎవరు వేశారని.
ఎలీషమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది.
"మేం జిగురే రాసేం బాబూ.
బొమ్మ గీసింది మీ రేవే."

ఏం ఒరిగిందని అడుగుతారు మీరు.
బొగ్గు కుప్పల మీద పట్టాలు కప్పారు.
మూడు వారాలకి మూలలు లేచి
కాకిరెక్కల్లా కొట్టుకుంటున్నాయి.
ఎలీషమ్మ మొగుడు దగ్గుతూనే ఉన్నాడు.
కానీ ఆదివారం ఆదివారం
బళ్ళోకెళ్ళే పిల్లలు గోడ దగ్గర చేరి
గీత ఎంత ముదిరిందో పుస్తకంలో రాస్తున్నారు.
తారీకు వేసి మరీ.
ఆ పుస్తకం చూపించమని
జీపువాళ్ళు రెండుసార్లు కబురెట్టారు.
పిల్లలు నకలే ఇచ్చారు.

తీగ మీద చొక్కాలు
ఇప్పటికీ పదకొండుకే తీసేస్తాను.
గోడ మీద చొక్కా ఒకటుంది,
చేతులు సరిగ్గా కుదరనిది.
దాన్ని గాలికే వదిలేశాను.