ఆరో తలం

కొబ్బరీనెలు ఆరు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు నాలుగు.
చతుర్ముఖి కట్టాను.
ఒక ఈనె విరిగి పొట్టిదైంది. పోనీ అనుకున్నాను.
బల్ల మీద వంకరగా నిలబడింది,
హార్బరు గోడకి పోసిన నాలుక్కాళ్ల కాంక్రీటు దిమ్మల్లో
ఒకటి తప్పించుకొచ్చినట్టు.

జాలారిపేట, సాయంత్రం బడి.
కిటికీలోంచి ఎండుచేప వాసన.
ఎల్లాజీ లేచాడు:
"త్రిభుజంలో మూడు లంబాలూ ఒక్క కాడే కలిసీసాయి గదండీ,
దీనికి నాలుగూ కలుస్తాయేటండీ?"
కలుస్తాయి, అన్నాను.
అన్నది నేను కాదు, నా ముప్ఫయ్యేళ్ల సర్వీసు.

రాత్రి చినవాల్తేరులో కరెంటు పోయింది.
కొవ్వొత్తి దగ్గర లెక్కకి కూర్చున్నాను.
నాలుగు శీర్షాల నుంచి నాలుగు లంబాలు దించాను.
కలవలేదు.
ఒకదాని పక్కనుంచి ఒకటి
సంతలో మాటల్లేని తోడికోడళ్లలా
కొంగైనా తగలకుండా వెళ్లిపోయాయి.
ఎదురెదురు అంచులు ఒకదానికొకటి లంబంగా ఉంటే కలిసేవే.
నా ఈనెలకి అంత మర్యాద లేదు.

లంబాల్ని వదిలేసి తలాల్ని పట్టుకున్నాను.
ఒక అంచు నడిమి నుంచి
దాని ఎదురంచుకి సరిగ్గా లంబంగా ఒక పలక.
అలా ఆరంచులకీ ఆరు.
మూడు తలాలు ఒకచోట కలవడం గొప్ప కాదు,
మూడింటికి అది అలవాటే.
నాలుగోది రావాలి.
వచ్చింది.
ఐదోదానికి ఇంకో కొవ్వొత్తి వెలిగించాను.
వచ్చింది.
ఆరోదాని సమీకరణంలో అంకెలు వేస్తూ
రెండుసార్లు కొట్టేసి, మళ్లీ వేసి,
ఎడమవైపు సున్నా. కుడివైపు సున్నా.
దూరంగా డాల్ఫిన్ నోస్ మీది లైటు
ఒకసారి ఇటు చూసి తల తిప్పుకుంది.
చెప్పడానికి ఇంట్లో ఎవరూ మెలకువగా లేరు.

మర్నాడు
"నిన్న తప్పు చెప్పానర్రా" అన్నాను.
వెనక బెంచీ కూడా నిశ్శబ్దమైంది.
కొలిచి చూపించాను ఆ బిందువుని:
ఈనెల గూటికి బయట,
జానెడు అవతల, ఉత్త గాలిలో.
"బయటుందేటండీ!" అంది నూకాలు.
"తప్పు కాదా అది?"
నేను నోరు తెరిచేలోపే ఎల్లాజీ అన్నాడు:
"మా ఇంట్లో నలుగురం టీకొట్టు కాడే కలుస్తాం.
ఏం, తప్పా?"

జేబులోంచి వలదారం తీశాడు.
కొనకి చిన్న బెండుముక్క కట్టి
దూలం నుంచి వేలాడదీశాడు
సరిగ్గా అక్కడికి.
గాలికి ఊగుతోంది.
ఎవరో ఫ్యాను కట్టేశారు.
చెమటలు కారుతున్నా కదలకుండా
అందరం కూర్చున్నాం,
అది నిలబడేదాకా.