గళ్ళ కాగితం

మామకు గళ్ళ కాగితమంటే
ఇంకా నేయని జంఖానా.
మోదుగపూవు రంగు గడి కాడ
మోదుగపూవు రంగు పోగే పడాలె.
పడ్తది గూడ.
కొత్తవాడల మా మగ్గం మీద
నలభై ఏండ్ల సంది
కాగితం ఒక్కనాడు అబద్ధమాడలే.

ఇప్పుడు నా ఫోన్ల గళ్ళు చూస్తడు.
కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి,
"ఎర్రయి, పచ్చయి... నక్ష మంచిగనే ఉన్నది బిడ్డా.
తర్వాతి గడి ఏ రంగు?"

తెల్వది మామా.

"మరి గీసినోనికన్న తెలుస్తది గద?"

గీసినోడు లేడు.
భయపడి అమ్మినోళ్ళు, ఆశపడి కొన్నోళ్ళు,
పొరపాటున బటన్ నొక్కినోళ్ళు,
అందరు కలిసి నేసిన్రు, ఒకల మొఖం ఒకలు చూడకుండ.
నీది నేయవల్సిన బట్ట.
నాది నేసి అవతల వడేసిన బట్ట.

మామ నవ్వలే. పంజా అందుకున్నడు.

మధ్యాహ్నం ఎనుమాముల నుంచి
మిర్చి అడ్తి శ్రీశైలం వస్తడు.
జంఖానా ధర తగ్గియ్యమని గంటసేపు గుంజి
లేవబోతూ మెల్లగ అడుగుతడు:
"అక్కా, నువ్వు గీతలు చూస్తవట గద,
పత్తి రేపు ఎంత వోతది?"

బస్తాల చెయ్యి వెట్టి తేమ చెప్తవు గదా,
రేపు వాన వడ్తదో లేదో చెప్తవా?

"నేనెట్ల చెప్త?
పడ్తే సరుకు నానకుండ
టార్పాలిన్ తెచ్చి వెడ్త."

గదే శ్రీశైలం. గంతే.

చెప్పులు తొడుక్కుంట మళ్ళ తిరిగిండు:
"అయినా... అందాజగ?"

పొద్దుగాల తొమ్మిదింబావు కాకముందే
నేను తప్పితే ఎక్కడ తప్పినట్టో
ఆ జాగల ఒక గీత గీస్త.
కొనుడు ఆ తర్వాత.
కండెలు చుట్టిన కూలి పైసలే,
నూలు పైసలు ముట్ట.
ధర గీత దాటిందా, అమ్ముడే.
దండం వెట్టుడు లేదు, తిట్టుడు లేదు.
పదిమాట్ల ఆరుమాట్లు తప్పుత,
ఆరు చిన్నయి.
నాలుగు ఒప్పులు కొంచెం పెద్దయి.
నెలాఖరుకు లెక్క రాస్తే
ఒకసారి కరెంటు బిల్లెళ్తది,
ఒకసారి రాసిన కాగితమే మిగుల్తది.

మొన్న బతుకమ్మకు ముందట ఒకనాడు
ధర గీత కాడికొచ్చి నిలవడ్డది.
ఇక తిరుగుతది అనిపిచ్చింది.
ఎందుకో అడగకున్రి.
వేలితోని గీతను జరంత కిందికి గుంజిన.
ఇంక జరంత.
మూడున్నరకు బజారు బందయ్యే యాళ్ళకు
పదకొండు వేల నాలుగొందలు.

చార్టు మోసమని అందరి లెక్క నేను గూడ అందును.
కాని జరిగింది గీత కాదు,
వేలు.

మామకు చెప్పలే.
ఆ రాత్రి మగ్గం చప్పుడు నడుమల ఆగింది.
"బిడ్డా, లైటు జర ఇటు వట్టు."
పోగు తప్పింది. ఇప్పుతున్నడు.

ఎన్ని వరసలు మామా?

"రెండే. జల్ది చూసిన.
ఇరవై పోయినంక చూస్తే తెల్లారుతది."

ఫోన్ బోర్లిచ్చి వెట్టి
లైటు వట్టుకున్న.
ఆయన ఒక్కొక్క పోగు గుంజుతుంటే
నేను చుట్టుకుంట వోయిన,
నా వేలు చూడకుండ.