కాజాలు

మా నాయినకు తుపాకి పట్టుడు తెల్వదు.
మేర ఎల్లమంద అంటె కాజాలకు పేరు.
సూర్యాపేట బజార్ల ఎన్ని దుక్నాలున్నా
గుండీ ఊడని అంగీ కావాల్నంటె
మా అరుగు మీదికే వచ్చేటోళ్లు.

పగలు రజాకార్లకు ఖాకీలు.
పైసలియ్యరు. అడిగితె మిషను గుంజుకపోతరు.
రాత్రి, దీపం మంచం కింద పెట్టి
దళం పోరగాళ్లకు మందపు గుడ్డ లాగులు.
వాళ్లూ ఇయ్యరు,
"రాజ్యమొచ్చినంక ఇస్తం ఎల్లమందన్నా" అని నవ్వుతరు.
అందరికీ ఒక్కటే గజం బద్ద, ఒక్కటే సూది.
బాకీల బుక్కు మాత్రం
అటు నుంచి ఒకళ్లకు, ఇటు నుంచి ఒకళ్లకు రాసిండు.
నడుమ నాలుగు కాయితాలు తెల్లగ మిగిలినయ్.

ఆ దినం తెల్లారక ముందే మూసీ దిక్కు ఏదో పేలింది.
గోడ మీది అద్దం వంకర పోయింది.
జిన్నింగు మిల్లుల పత్తి బోరాల సందుల
అమ్మ నన్నూ తమ్మున్నీ కుక్కింది.
ముక్కుల దూది. చెవులల్ల దూది.
అయినా వినొచ్చింది:
కచేరి మిద్దె మీద మరతుపాకి,
కోమట్ల గల్లీల ఉరుకుడు,
ఎవరో "యా అల్లా" అన్నడు,
ఎవరో "అవ్వా" అన్నడు.
అన్నం ఉడికేంత సేపేనట, తర్వాత చెప్పిండ్రు.
ఏమన్నమో అది. నాకైతె ఇంకా దించలె.

సప్పుడు ఆగినంక నాయినొచ్చిండు.
ఇంటి తొవ్వ కచేరి ముంగట్నుంచే.
"కండ్లు మూసుకోండ్రి" అన్నడు.
తమ్ముడు మూసుకున్నడు.

సన్నటి తుంపర. బురదల బోర్ల పడ్డోళ్లు.
నాయిన మొకాలు చూస్తలేడు,
వంగి వంగి
కాజాల మీద బొటనవేలు పెడ్తున్నడు.
"ఇది జమాల్ షరీఫుది.
చంకలల్ల బిగువన్నడు, మొన్ననే విప్పి కుట్టిన."
నాలుగడుగులు.
"ముత్తిలింగం."
అంతే అన్నడు.
ఇంకా అవుతల ఒక పోరడు, మీసం రాలె.
"ఆగుర, కింది గుండీ పెడ్తనంటె
ఆగకపాయె."

నాయిన కాలర్ల ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉండేది.
తీసిండు. దారం పండ్లతోటి కొరికిండు.
ఆ బురదలనే కూసొని
గుండీ కుట్టిండు.
మూడు సుట్లు తిప్పి ముడి బిగించి
అంగీ సదిరిండు, అద్దం ముందర నిలబెట్టి సదిరినట్టు.
బుక్కుల ఏ దిక్కున ఉన్నదో వాని పేరు
నేను అడగలె.

మూన్నాళ్లకు ఎవరో పెద్దమనిషి వచ్చి
మూడు రంగుల గుడ్డలు అరుగు మీద పడేసి
"పొద్దటికల్ల జెండాలు కావాలె" అన్నడు.
నాయిన మిషను కాడికెల్లి లేవలె.
"ముందుగాల పైసలు పెట్టుండ్రి."