మూరెడున్నర జాగ

దిగేముందు ముక్కుతోని జూడు, తమ్మీ.
లైటు తర్వాత.
నానిన గోనెసంచి వాసనొస్తే చెక్కకు బూజు వట్టినట్టు.
సుద్దముక్క వాసనొస్తే సిమెంటు ఉప్పు కక్కుతున్నట్టు.
ఏ వాసనా రాకపోతే
నువ్వు ఈ దేశానికొచ్చి చానా దినాలైనట్టు.

బోర్ల పండు. మోచేతులు ముందట, మోకాళ్ళు ఎన్క.
నెత్తి లేపకు, పైన మార్బుల్ ఉన్నది,
మార్బుల్ మీద సోఫా, సోఫా మీద
ఉమ్ రాషిద్ అనే ముసలామె, ఆమె కాళ్ళనొప్పులు.
నేల తడితడిగ తగుల్తున్నదని
నెలరోజుల సంది కొడుకుతోని కొట్లాడుతున్నదట.
వానలేని ఊర్లె తడేందని కొడుకు నమ్మలే.
మీటరు వెట్టి జూపెడితే తొంబై ఒకటి.

నిజమే, రాస్ అల్ ఖైమాల నేను వాన జూశి
ఎనిమిది నెలలు.
కని ఆగస్టుల ఖోర్ దిక్కెల్లి ఒక గాలొస్తది,
పిండితే బిందె నిండుతది.
మనూర్ల ఇల్లు చెమ్మవడితే ఏంజేస్తం?
కిటికీలు తెరుస్తం, గాలాడనిస్తం.
ఈడ గాలే దొంగ.
జాలీలల్లకెల్లి లోపలికి దూరి
ఏసీతోని సల్లవడ్డ స్లాబును ముట్టుకుంటది,
ఫ్రిజ్జుల్నుంచి తీసిన సీసా లెక్క
ఇల్లు కిందికెల్లి చెమటలు వోస్తది.
అందుకే ముందుగాల జాలీలు మూస్తం.

ఇగ కింద. ఇది సబ్ఖా నేల,
మన భాషల చౌడు.
సముద్రం ఎన్నడో ఎన్కకు వోయింది గని
బాకీ మర్శిపోలే,
రాత్రిపూట ఉప్పు పట్టుకొని పైకొస్తది.
ప్లాస్టిక్ పరువు. ఒకదాని మీదొకటి మూరెడెక్కాలె.
టేపును అరచేతితోని రుద్దు,
గాలిబుగ్గ మిగిలితే అదే రేపటి గుంత.
దిమ్మెలకు జానెడెత్తు చుట్టు,
పురిటిపిల్లకు పాతచీర చుట్టినట్టు, గట్టిగ గాదు, సందు లేకుండ.

మిగిలిన ముక్కలు పారెయ్యకు, సంచిల దాయి.
మన పోర్టా క్యాబిన్ కింద గూడ గింతే జాగ,
పన్నెండు మంది ఏసీ నీళ్ళు అండ్లనే.
పైమంచమోడు దిగితే ప్లైవుడ్డు మెత్తగ ఊగుతది.
జుమ్మా నాడు జూద్దం.

మా అవ్వ బీడీలు జేశేది.
తునికాకును తడిగుడ్డల చుట్టి,
ఎండితే పలుగుతదని
నడిరాత్రి లేశి నీళ్ళు చిలుకరించేది.
బతుకంత చెమ్మను కాపాడింది.
నేను వీసాకు లక్షన్నర గట్టి
చెమ్మను తరుమనీకి వచ్చిన.
ఫోన్ల చెప్తే నవ్వింది.
ఆ తీశేసిన చెమ్మ కొంచెం ఇటు తోలరాదు బిడ్డా, అన్నది.

ఆగు. నాలుగో దిమ్మె కాడ లైటు గొట్టు.
కనవడ్డదా?
వడ్ల పెన్సిలుతోని, మన అక్షరాలు:
గంగనర్సు, మల్లాపూర్, తొంబై ఆరు.
కింద నిలువుగీతలు, అయిదుకొక అడ్డగీత.
దినాలో, నెలలో, బాకీ వేలో.
సగం మీద ఉప్పు పూసింది, బియ్యప్పిండి లెక్క.
లెక్క యాడ ఆగిందో తెలుస్తలేదు.
క్యాంపుల మల్లాపూరోడు ఒకడున్నడు, అడిగిన.
గంగనర్సులా, మా ఊర్లె గల్లీకి ఇద్దరు, అన్నడు,
అన్నం కలుపుకుంట.

బ్రష్షుతోని ఉప్పు దులుపుదమనుకున్న.
ఉప్పు రాలితే గీతలు గూడ రాలుతయని ఆగిన.
ప్లాస్టిక్ జానెడు కాడ ఆగుతది,
పేరు మూరెడెత్తుల ఉన్నది.
వాణ్ణి ఇడిశిపెట్టింది కంపెనీ కొలత, నేను గాదు.

మిషిను పెట్టినం. గుర్రుమనుకుంట
గాలిని పిండి బకెట్ల పోస్తున్నది.
పైన ముసలామె నడుస్తున్నది, ఇన్నవా,
కర్ర, కాలు, కర్ర.
మీటరు యాభై అయిదుకు దిగినంక మూత ఏస్తం.
అందాక మాట్లాడకు తమ్మీ,
ఊపిరి గూడ చెమ్మే.