తీగకు తీగ

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
క్లిఫర్డ్ స్టానిఫోర్త్ పెరట్లో ఆ మాట తిరగబడింది.
చలిజాజికి వంగడం ఎవరూ నేర్పక్కర్లేదు,
పుట్టుకతోనే గోడల మీంచి జారే రకం.
కొమ్మ ఎక్కడ మట్టిని తాకితే
అక్కడే వేరు దించి పడుకుంటుంది.
దానికి నేర్పాల్సింది
నిలబడడం.

షెఫీల్డ్‌లో మా వీధి ఏటవాలు.
నగరపాలక సంస్థ పాత రాతిగోడ కూల్చిన ఏడాది
రాళ్ళ సందున మణికట్టంత మొద్దు బయటపడింది.
నలభై ఏళ్ళ కిందట థెల్మా నాటిన తీగ.
థెల్మా చనిపోలేదు.
విట్‌బీలో, సముద్రం పక్కన, అక్క దగ్గర ఉంటోంది.
ఎందుకు వెళ్ళిందని నేనడగలేదు,
రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే,
అన్నీ వినబడేవి.

మొద్దును జానెడు ఎత్తుకి కోసి
చేపల ట్రేలో గులకరాళ్ళు పోసి పాతాడు.
"బతికితే దానిష్టం."
వెండిపూత కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఆమ్లం తొట్ల మీదికి వంగి పనిచేసిన మనిషి.
ఆ ఆవిర్లకి ముక్కు చచ్చిపోయింది,
కాఫీకీ కిరసనాయిలుకీ తేడా తెలీదు.
ముక్కు పని మానేసినా
కోపం మాత్రం దాని మీదే ఉండేది.

కార్ఖానాలో చివరిరోజు ఇచ్చిన ఫోర్కుల్లో
ఒకదాని పళ్ళు వంచి
వేళ్ళు దువ్వడానికి వాడాడు.
తక్కినవి పెట్టెలోనే ఉన్నాయి, ఎవరూ తినలేదు.

పూలు రాలగానే కత్తెర.
ఆలస్యం చేస్తే వచ్చే చలికాలానికి మొగ్గలుండవు,
నిరుటి వేసవి కొమ్మ మీదే ఈ ఏటి పువ్వు.
ఆకుపచ్చ పలకల కాడలు, గడ్డిపోచలకన్నా కాస్త గట్టివి.
వాటికి రాగితీగ చుట్టేవాడు,
వేళ్ళు వణికిన రోజు నన్ను పిలిచి పట్టుకోమనేవాడు.
తీగకు తీగే ఆసరా.
ఆరేళ్ళు.
నాలుగో ఏట సగం మొద్దు పుచ్చి బోలైంది,
చెంచా పట్టేంత తొర్ర.
పారేస్తాడనుకున్నాను.
నీలం కుండీ కొనుక్కొచ్చాడు.

ఏటా ఫిబ్రవరిలో థెల్మా బస్సులో వచ్చేది.
రోడ్ల మీద ఉప్పు చల్లే లారీ వెనకాలే,
రబ్బరు బూట్లతో, ఎత్తెక్కుతూ.
ఆకు ఒక్కటి లేదు, పువ్వులే,
గుడ్డులోని పచ్చసొన రంగు.
ముక్కు ఆనించి చూసి
"ఇప్పటికీ వాసన లేదు క్లిఫ్,
జాజి అని చెప్పి నాకు అంటగట్టారు" అనేది.
"నాకేం తెలుసు" అనేవాడు.
టీ తాగేవాళ్ళు. నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోయేది.

ఈసారి ముందురోజు రాత్రే మంచు కొట్టింది.
విచ్చిన పువ్వులన్నీ తడిసిన కాగితాల్లా
గోధుమరంగుకి తిరిగాయి.
రావద్దని ఫోన్ చేశాడు.
వచ్చింది.
వంటింటి కిటికీలోంచి చూశాను:
ఇద్దరూ కుండీ మీదికి వంగి
చచ్చిన పూలు గిల్లుతున్నారు, మాటల్లేవు.
విచ్చనివి కొన్ని మిగిలాయి.
ఆమె ఒక మొగ్గ దగ్గర ముఖం పెట్టి
చాలాసేపు అలాగే ఉంది.

ఆమె బస్సెక్కాక
అతను కుండీతో మా గుమ్మంలోకి వచ్చాడు.
"వాసనుందంటోంది. నువ్వు చూడు."

చూశాను.
నాచు. తడి రాగి. ఎవరింట్లోనో మాడిన రొట్టె.
"ఏదో ఉంది," అన్నాను.

అతను తల ఊపలేదు, నవ్వలేదు.
మా మెట్టు మీదే కూర్చుని
జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి
చుట్లు ఒక్కొక్కటే తుంచసాగాడు.
చెట్టు నిలబడింది, కొంచెం గాలివాటుగా.
ఒక్కచోట రాగి బెరడులోకి దిగిపోయింది.
గోటితో తడిమి చూసి
ఆ ముక్కను
అలాగే వదిలేశాడు.