చలి అద్దె

ఈ ఊళ్ళో ఒక్కో ఇంటికి రెండు అద్దెలు.
మొదటిది చలి అద్దె. అది గోడలకు.
రెండోది వెచ్చని అద్దె,
ఆ గోడల మధ్య వణక్కుండా ఉన్నందుకు.
ప్రకటనలో లావు అంకెల్లో వేసేది
ఎప్పుడూ మొదటిదే.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న మాట
కీల్ రేవులో తిరగబడింది.
ఆరు వందల నలభైకి
ఇంకో రెండు వందల పదిహేను తోడు.
నా జీతంలో సగం, పైన ముప్ఫై యూరోలు.
మూడు నెలల డిపాజిట్ మాట ఇప్పుడు వద్దు,
పొద్దున్నే.

కింది అంతస్తు, ఒకటిన్నర గది.
నడవా నిండి, గుమ్మం దాటి, పేవ్‌మెంట్ మీదకి
నలభై ఒక్క మంది.
వేరే పని లేక లెక్కపెట్టాను.
అందరి చంకలోనూ ఫైళ్ళు:
జీతం చీటీలు, బాకీలు లేవన్న పత్రం,
పాత యజమాని రాసిచ్చిన మంచి మాట.
ఒక కుర్రాడు తన పిల్లి ఫొటో కూడా పెట్టాడు,
కింద "అరవదు" అని రాసి.

నా పాత యజమాని కూడా మంచి మాటే రాశాడు.
ఆ ఇల్లు ఆయన కూతురికి కావాలట,
మార్చి ఆఖరుకి.

బేకరీ నుంచి నేరుగా వచ్చాను,
రాత్రి రెండున్నరకి లేచిన ఒళ్ళు.
ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి
నా కనుబొమలు చూసి
"బయట మంచు మొదలైందా?" అన్నాడు.
రై పిండి అన్నాను.
నవ్వలేదు.
కాసేపయ్యాక నవ్వాడు.

హౌకె టామ్సెన్. ఓడల యార్డులో వెల్డరు, ఒకప్పుడు.
నాలుగో అంతస్తులో మూడు గదులు,
ముప్ఫై ఎనిమిదేళ్ళ నాటి ఒప్పందం.
ఇల్జె పోయాక రెండు గదుల తలుపులు తియ్యడం లేదు,
మోకాళ్ళు మెట్లకి ఒప్పుకోవడం లేదు.
"చిన్నింటికి మారదామంటే
ఈ ఒకటిన్నర గది
నా మూడింటికన్నా ప్రియం.
తగ్గాలన్నా డబ్బుండాలి, వీబ్కె!"

లోపల వంటగది ఉంది, వంట లేదు.
ఖాళీ చేసినవాళ్ళు పొయ్యి, సింకు, అరలు
విప్పుకుని పట్టుకుపోయారు.
గోడలోంచి రెండు గొట్టాలు,
సీలింగులోంచి వేలాడుతూ మూడు వైర్లు.
ఏజెంటు కుర్రాడు బూట్ల తొడుగులు పంచుతూ అడిగాడు:
"ఎన్నింటికి లేస్తారు?"
రెండున్నరకి.
ఏదో రాసుకున్నాడు. ఒక్క మాటే.
టామ్సెన్‌ని వయసు అడిగి
ఏమీ రాసుకోలేదు.

బయటికొచ్చి
పైకి వెళ్ళే మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం.
నలభై ఒకటో మనిషి ఇంకా లోపలికి వెళ్ళలేదు.
సంచీలోంచి రొట్టె తీసి విరిచాను.
మాడిందని అమ్మకానికి పెట్టనిది,
మధ్యలో ఇంకా వేడి చావలేదు.
ఆయన తన ముక్కని
రెండు చేతుల్తో పట్టుకుని
తినకుండా కూర్చున్నాడు చాలాసేపు.
"దీనికి వెచ్చని అద్దె ఎంత?"

రెండు గదులు ఊరికే ఉన్నాయని
ఆయన అనలేదు.
నేనూ అడగలేదు.
ఒడిలో పడ్డ తునకలు దులుపుకుని
ఫైళ్ళు సర్దుకున్నాం.

గురువారం ఇంకో ఇల్లుంది, కాలువ వైపు.
ముందొచ్చినవాళ్ళు
రెండోవాళ్ళకి చోటు పట్టాలి.
అంతవరకే మాట్లాడుకున్నాం.